జీతం లేకుండా ఏళ్ల తరబడి నమూనాలు ఎందుకు పంపేవారు? 19వ శతాబ్దపు అమెరికా ప్రకృతి శాస్త్రజ్ఞుల ఉత్తరాల గురించి

ప్రశ్న
గవ్వలపెట్టె, సాగర్‌నగర్, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. నా ప్రశ్న అమెరికా శాస్త్ర చరిత్రకు సంబంధించినది. అయితే అది నాకు ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి.

నాకు ముందు మా విభాగంలో పనిచేసినవారు ముప్పై ఏళ్లపాటు కూడబెట్టిన గవ్వల బీరువా ఒకటి మా దగ్గర ఉండేది. భీమిలి నుంచి పూడిమడక దాకా తీరం వెంట ఏరిన శంఖాలు, గవ్వలు, ఆల్చిప్పలు చిన్న చిన్న అట్టపెట్టెల్లో ఉండేవి, ఒక్కో పెట్టెలో ఒక్కో చీటీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ గది కిటికీలు ఊడిపోయి, బీరువా ఒరిగిపోయి, రెండు రోజులు వాన నీటిలోనే ఉండిపోయింది. మేము వెళ్లి చూసేసరికి గవ్వలకు ఏమీ కాలేదు, గుడ్డతో తుడిస్తే మునుపటిలాగే మెరిశాయి. చీటీలు మాత్రం ముద్దైపోయాయి. జెల్ పెన్నుతో రాసినవాటి మీద నీలి మరక తప్ప ఏమీ మిగలలేదు. అంతకంటే పాతవి కొన్ని పెన్సిల్‌తో రాసినవి, వాటిని ఆరబెట్టాక చదవగలిగాం. ‘లాసన్స్ బే, ఆటు వేళ, రాళ్ల కింద’ అని ఒకదాని మీద ఇప్పటికీ స్పష్టంగా ఉంది. చీటీ పోయిన గవ్వలన్నీ ఒక ప్లాస్టిక్ తొట్టిలో పోసి ఉంచాం. అవి అందమైనవే, కాని ఏ ఒడ్డున, ఏ నెలలో, ఎవరికి దొరికిందో చెప్పలేని గవ్వతో శాస్త్రానికి పని జరగదు.

ఆ బీరువాను మళ్లీ నింపాలని, తీరం వెంట ఉన్న పాఠశాలల పిల్లలు ఒడ్డున దొరికిన ఖాళీ గవ్వల్ని మాకు పంపేలా, మేము వాటి పేర్లు చెప్పి అదనంగా ఉన్నవాటిని ఇతర పాఠశాలలకు పంపేలా రెండేళ్ల క్రితం ఒక ఏర్పాటు చేశాను. మొదటి నెలలో నాలుగు బడుల నుంచి పొట్లాలు వచ్చాయి. మూడో నెలకు ఒక్కటీ రాలేదు.

ఈ మధ్య 19వ శతాబ్దపు అమెరికా ప్రకృతి శాస్త్రజ్ఞుల గురించి చదువుతున్నప్పుడు నన్ను ఆపేసిన విషయం ఇదే. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసిన స్పెన్సర్ ఫుల్లర్టన్ బెయిర్డ్‌కు సైనిక వైద్యులు, బొచ్చు తోళ్ల వ్యాపారులు, బడిపంతుళ్లు, రైతులు ఏళ్ల తరబడి పక్షి చర్మాలు, గుడ్లు, చేపలు, పాములు పంపుతూ వచ్చారు. వారిలో చాలామంది ఆయన ముఖమైనా చూసి ఉండరు, ఆ పనికి వారికి జీతమూ లేదు. హార్వర్డ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే దగ్గరికి మొక్కలు కూడా అలాగే వచ్చాయి. వాళ్లను అన్నేళ్లు కట్టి ఉంచినది ఏమిటి? పంపినవారికి తిరిగి ఏం దక్కేది? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరా?


పాతఉత్తరాలు, పెదవాల్తేరు

గవ్వలపెట్టె గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు బెయిర్డ్ చిన్నతనంలోనే ఉందని నేను అనుకుంటాను, అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

1840లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్లో ఉంటున్న పదిహేడేళ్ల బెయిర్డ్‌కు, ఎగిరే పురుగుల్ని పట్టి తినే జాతికి చెందిన చిన్న పిట్ట ఒకటి దొరికింది. తన దగ్గరున్న పుస్తకాలతో ఎంత పోల్చి చూసినా దాని పేరు తేలలేదు. అమెరికా పక్షుల నిలువెత్తు చిత్రాలను అప్పటికి రెండేళ్ల క్రితమే పూర్తి చేసి, రెండు ఖండాల్లోనూ పేరు మోసిన జాన్ జేమ్స్ ఆడుబాన్‌కు, తాను ఇంకా కుర్రవాణ్నేనని సంకోచపడుతూనే ఆ పిట్ట కొలతలు, రంగులు వర్ణిస్తూ ఒక ఉత్తరం రాశాడు. ఆడుబాన్ దాన్ని పక్కన పడెయ్యలేదు. పిన్న వయసులోనే పెద్దల నేర్పు కనబడుతోందని మెచ్చుకుంటూ జవాబు రాశాడు. 1843లో బెయిర్డ్, అతని అన్న విలియం కలిసి ఆ జాతిలో రెండు కొత్త పిట్టల్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. మరుసటి ఏడు ఆడుబాన్ ఒక పిచ్చుక జాతికి బెయిర్డ్ పేరే పెట్టాడు. తెలియని పెద్దమనిషి దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒక కుర్రవాణ్ని ఎంత దూరం నడిపిస్తుందో స్వయంగా అనుభవించినవాడు గనుకనే, తరువాతి కాలంలో ఆయన ఏ ఉత్తరాన్నీ చిన్నచూపు చూడలేదని నా నమ్మకం.

1850లో, కార్యదర్శి జోసెఫ్ హెన్రీ కింద సహాయ కార్యదర్శిగా స్మిత్‌సోనియన్‌లో చేరినప్పుడు బెయిర్డ్ తన సొంత నమూనాలను రెండు రైలు పెట్టెల నిండా వేయించుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఆయన ఏడాదికి వేల ఉత్తరాలు రాశాడు. పంపేవారికి తిరిగి ఏం దక్కేదని మీరు అడిగారు గదా. డబ్బు చాలా అరుదు. నమూనాలు నిలవ ఉంచే స్పిరిట్, పీపాలు, చర్మాలకు పూసే ఆర్సెనిక్, కాగితం, కొన్నిసార్లు తుపాకీ మందు వాషింగ్టన్ నుంచే వెళ్లేవి. చదువుకోవడానికి పుస్తకాలు వెళ్లేవి. పంపినదాని పేరేమిటో, అది కొత్తదో పాతదో చెబుతూ ఉత్తరం వెళ్లేది. ఆ ఏడాది నివేదికలో దాతల పట్టికలో వారి పేరు అచ్చయ్యేది. అడవిలో ఒక కోటలో ఒంటరిగా పడి ఉన్న సైనిక వైద్యుడికి తన పేరు వాషింగ్టన్‌లో అచ్చులో పడిందంటే అది చిన్న విషయం కాదు.

అన్నింటికంటే ముందు వెళ్లేవి సూచనలు. ఎలా సేకరించాలో, ఎలా కట్టాలో చెప్పే చిన్న పుస్తకాన్ని స్మిత్‌సోనియన్ అచ్చు వేయించి పంచింది. చేప పొట్టను కొద్దిగా చీల్చి లోపలికి స్పిరిట్ చేరేలా చూడాలని, ఒక్కొక్కదాన్నీ చీటీతో సహా గుడ్డలో చుట్టి పీపాలో సర్దాలని అందులో ఉంటుంది. దారిలో కూలీలో నావికులో పీపాలోని స్పిరిట్ తాగెయ్యకుండా, వాంతి తెప్పించే మందో చేదు మందో కొద్దిగా కలపమని కూడా ఉంటుంది. దీన్ని రాసినవారికి అవతలి మనిషి ఎలాంటి చోట, ఎలాంటి ఇబ్బందుల మధ్య పనిచేస్తాడో తెలుసునని ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

రాబర్ట్ కెనికాట్ కథ దీనికి మంచి ఉదాహరణ. ఇలినాయ్‌కి చెందిన ఈ యువకుడు 1859లో ఇరవై మూడేళ్ల వయసులో బెయిర్డ్ ప్రోత్సాహంతో కెనడా ఉత్తరాన మెకంజీ నదీ ప్రాంతానికి వెళ్లి, హడ్సన్స్ బే కంపెనీ వ్యాపార కోటల మధ్య మూడు చలికాలాలు గడిపాడు. అతను తన చేత్తో పట్టిన పక్షులకంటే, అక్కడి వ్యాపారులకు అంటించిన ఆసక్తే ఎక్కువ ఫలించింది. అతను 1862లో తిరిగి వచ్చేశాక కూడా వాళ్లు పంపుతూనే ఉన్నారు. వారిలో ఆర్కిటిక్ సముద్రానికి దగ్గరగా ఫోర్ట్ ఆండర్సన్‌లో ఉన్న రోడరిక్ మాక్‌ఫార్లేన్ గుడ్లు, గూళ్లు, చర్మాలు కలిపి వేల సంఖ్యలో పంపాడు. పొడవైన చలికాలపు రాత్రుల్లో వాళ్లకు వాషింగ్టన్ నుంచి వచ్చే పుస్తకాల పెట్టె, దానితోపాటు తమ గుడ్లను గురించి ఎవరో శ్రద్ధగా రాసిన ఉత్తరం ఎంత విలువైనవో ఊహించండి. కెనికాట్ మాత్రం 1866లో అలాస్కాలోని నులాటోలో ముప్పై ఏళ్ల వయసుకే చనిపోయాడు.

దీని వెనుక రెండు ఆధారాలు ఉన్నాయి, అవి లేకపోతే ఎంత మంచి ఉత్తరమైనా చాలేది కాదు. ఒకటి సైన్యం. బెయిర్డ్ మామగారు జనరల్ సిల్వెస్టర్ చర్చిల్ సైన్యానికి ఇన్‌స్పెక్టర్ జనరల్, కనుక పశ్చిమ ప్రాంతాలకు వెళ్లే అధికారులకు, వైద్యులకు ఆయన మాట సులభంగా చేరేది. 1853లో మొదలైన పసిఫిక్ రైలు మార్గాల సర్వేల వెంట వెళ్లినవారు కూడా నమూనాలు తెచ్చారు. వాటి ఆధారంగానే బెయిర్డ్ 1857లో క్షీరదాల మీద, 1858లో పక్షుల మీద పెద్ద సంపుటాలు రాశాడు. రెండోది తపాలా. 1845 దాకా అమెరికాలో నాలుగు వందల మైళ్లు దాటిన ఉత్తరానికి కాగితం ఒక్కింటికి 25 సెంట్లు, రెండు కాగితాలుంటే దానికి రెట్టింపు. 1845లో మూడు వందల మైళ్ల లోపు అర ఔన్సు ఉత్తరానికి 5 సెంట్లు, అది దాటితే 10 సెంట్లు అయింది. 1851లో ముందుగా చెల్లిస్తే మూడు వేల మైళ్ల దాకా 3 సెంట్లకే వెళ్లేది. కాగితాలు లెక్కపెట్టడం మాని బరువు తూచడం మొదలైంది గనుక, ఉత్తరంలో ఒక ఈకో ఎండుటాకో పెట్టి పంపడం మామూలు మనిషికి కూడా అందుబాటులోకి వచ్చింది. మన దేశంలో అర్ధణా తపాలా 1854లో వచ్చిన విషయం ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.


ఎండినఆకు, ఎం.వి.పి. కాలనీ

అమ్మా, నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. మీ ప్లాస్టిక్ తొట్టి గురించి చదివాక నాకు షార్టియా అనే మొక్క గుర్తొచ్చింది. చీటీ సంగతి మీకు బాగా అర్థమవుతుంది గనుక ఈ కథ మీకు చెప్పాలి.

1839లో ఏసా గ్రే ప్యారిస్ వెళ్లి, ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆండ్రే మిషో అమెరికాలో సేకరించిన ఎండు మొక్కల్ని ఒక్కొక్కటిగా చూశాడు. అందులో పువ్వు లేని, కాయతో ఉన్న ఒక చిన్న మొక్క పేరు తెలియక పక్కన పెట్టి ఉంది. గ్రే దాన్ని కొత్త ప్రజాతిగా గుర్తించి, కెంటకీకి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు చార్లెస్ షార్ట్ పేరు మీద 1842లో దానికి షార్టియా అని పేరు పెట్టాడు. మరి ఆ మొక్క ఎక్కడ పెరుగుతుంది? మిషో చీటీ మీద ఉన్నది ‘కరొలైనా ఎత్తైన కొండలు’ అన్న మాట ఒక్కటే. ఆ ఒక్క మాట పట్టుకుని గ్రే కొండలెక్కి వెతికాడు, ఆయనను చూసి ఇతరులూ వెతికారు, ఎవరికీ దొరకలేదు. దాన్ని ఒక్కసారైనా చూడకుండానే షార్ట్ 1863లో చనిపోయాడు. చివరికి 1877లో ఉత్తర కరొలైనాలోని మేరియన్ ఊరి దగ్గర, కటాబా నది గట్టున జార్జ్ హయమ్స్ అనే పదిహేడేళ్ల కుర్రవాడికి అది కనబడింది. వాళ్ల నాన్న మందు మూలికలు సేకరించే మనిషి. ఆయనకూ పేరు తెలియక మరుసటి ఏడు రోడ్ ఐలండ్‌లో తనతో ఉత్తరాలు నడిపే ఒక వృక్షశాస్త్ర ప్రియుడికి పంపాడు, అతను గ్రేకు రాశాడు. గ్రే ఆనందం పట్టలేకపోయాడు. ఆ మొక్క ఎత్తైన శిఖరాల మీద కాదు, కింద నదీ లోయల్లో ఉంది. చీటీ మీద ఇంకో పది మాటలుంటే ముప్పై ఎనిమిదేళ్ల వెతుకులాట తప్పేది.

మన దగ్గర ఇప్పటికీ ‘తూర్పు కనుమలు’ అని ఒక్క ముక్క రాసి పంపేవారు ఉన్నారు, వాటిని చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అనంతగిరి ఘాటు రోడ్డులో ఏ మలుపు దగ్గర, వాగుకు ఎంత దూరంలో, ఎండలోనా నీడలోనా, పువ్వు రంగు తాజాగా ఉన్నప్పుడు ఏమిటి అన్నవి అక్కడ నిలబడి ఉన్నప్పుడే రాయాలి. ఎండిన మొక్క తన రంగును తానే మరిచిపోతుంది.

మొక్కల విషయంలో ఇచ్చిపుచ్చుకోవడం ఎలా జరిగేదో కూడా చెబుతాను, ఎందుకంటే మీ పిల్లలకు అది పనికొస్తుంది. సేకరించేవాడు ఒకే చోట, ఒకే రోజున, ఒకే జాతి మొక్క నుంచి నాలుగైదు కొమ్మలు తీసి, కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, అన్నింటికీ ఒకే నంబరు వేసేవాడు. ఒకటి తన దగ్గర ఉంచుకుని మిగతావి పంపేవాడు. అవతలివాడు పేరు తేల్చాక ఆ మొక్కను తిరిగి పంపనక్కర్లేదు, ‘మీ 214 ఫలానా’ అని ఉత్తరంలో ఒక వరుస రాస్తే చాలు, ఇవతలివాడు తన దగ్గరున్న 214 మీద ఆ పేరు రాసుకునేవాడు. మిగతా కొమ్మలు న్యూయార్కులో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ టోరీకి ఒకటి, లండన్ దగ్గరి క్యూ వృక్షశాస్త్ర తోటకు ఒకటి చొప్పున వెళ్లేవి, వాటికి బదులుగా ఆ ఊళ్ల మొక్కలు వచ్చేవి. టెక్సాస్‌లో ఫెర్డినాండ్ లిండ్‌హైమర్ సేకరించేవాడు, సెయింట్ లూయిస్‌లో వైద్యం చేసుకునే జార్జ్ ఎంగెల్‌మాన్ వాటిని అందుకుని సర్దేవాడు, హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జిలో గ్రే పేర్లు తేల్చేవాడు. ముందుగా చందా కట్టినవారికి కట్టలు కట్టలుగా ఆ మొక్కలు చేరేవి. అంటే లిండ్‌హైమర్‌కు తిండి ఖర్చు కొంత అలా గడిచేది. జీతం లేదన్నది అందరి విషయంలోనూ నిజం కాదని దీన్నిబట్టి తెలుసుకోవాలి. పసుపు పూల టెక్సాస్ మొక్క ఒకటి లిండ్‌హైమెరా అన్న పేరుతో ఈనాటికీ ఉంది.

ఇచ్చిపుచ్చుకున్నది మొక్కలు మాత్రమే కాదు. 1855 ఏప్రిల్‌లో డార్విన్ గ్రేకు రాసిన మొదటి ఉత్తరంలో అడిగినది అమెరికాలోని ఎత్తైన కొండల మీది మొక్కల సమాచారం. రెండేళ్ల తర్వాత, 1857 సెప్టెంబరు 5న, తన పరిణామ సిద్ధాంతాన్ని క్లుప్తంగా వివరిస్తూ గ్రేకే ఉత్తరం రాశాడు. 1858 జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో డార్విన్ రచనలు, అదే ఆలోచనకు విడిగా వచ్చిన వాలెస్ రచన చదివినప్పుడు, డార్విన్‌కు ఆ ఆలోచన ముందే ఉందని చూపడానికి ఆ ఉత్తరంలోని భాగాన్ని కూడా చదివారు. మొక్కల పేర్లు అడగడంతో మొదలైన స్నేహం అంత దూరం వెళ్లింది.


తెడ్డు, జాలరిపేట

మేడమ్, మాస్టారూ, మీరిద్దరూ రాసినవి శ్రద్ధగా చదివాను. నాదొక మాట చెప్పాలని ఉంది. మాది వేటకు వెళ్లే కుటుంబం, నేను మత్స్యశాస్త్రం చదువుతున్నాను.

పంపినవారి పేర్లు దాతల పట్టికలో అచ్చయ్యేవని చెప్పారు. అందరివీ అచ్చవలేదు. ఫోర్ట్ ఆండర్సన్ నుంచి వెళ్లిన గుడ్లలో ఎన్నింటినో గూళ్లు వెతికి తెచ్చినవారు అక్కడి ఆదివాసులైన ఇన్యూట్లు, గ్విచిన్ వాళ్లు. వారికి దక్కినవి పూసలు, పొగాకు, సూదులు. వాషింగ్టన్‌లో పెట్టెలు విప్పి, సర్ది, తిరిగి కట్టి పంపే పనిలో బెయిర్డ్‌కు కుడిభుజంగా 1852 నుంచి ఉన్నది సాలమన్ బ్రౌన్ అనే నల్లజాతి ఉద్యోగి. అంతకుముందు ఆయన మోర్స్ మొదటి టెలిగ్రాఫు తీగ పనిలో ఉన్నాడు. స్మిత్‌సోనియన్‌లో యాభై ఏళ్లకు పైగా పనిచేశాడు, ప్రకృతి శాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చాడు, కవిత్వం రాశాడు. నమూనాల మార్పిడి గురించి రాసేవారు ఈయన్ని వదిలేస్తే ఆ చరిత్రలో సగం చేతులు కనబడవు.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. అదే దారిలో, అవే పీపాల పక్కన, మనుషుల పుర్రెలు కూడా ప్రయాణం చేశాయి. 1860ల చివర్లో సైనిక వైద్య మ్యూజియం కోసం ఆదివాసుల పుర్రెలు సేకరించి పంపమని సైనిక వైద్యులను కోరారు. సమాధులు తవ్వి, యుద్ధంలో పడిపోయినవారి తలలు తీసి పంపినవారు ఉన్నారు. అలాంటి ఎముకల్ని వారసులకు తిరిగి ఇవ్వాలని చట్టాలు వచ్చినవి 1989, 1990లలో. పిట్ట చర్మం మీద చీటీ రాసిన చెయ్యే దాని మీదా చీటీ రాసింది, అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మన ఊరి సంగతికి వస్తే, 1780లలో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడి చేపల్ని సేకరించి, బొమ్మలు గీయించి, 1803లో లండన్‌లో రెండు వందల చేపల గురించి పుస్తకం వేయించాడు. చేపలకు ఆయన పెట్టిన శీర్షికలు మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లే, ఇంగ్లీషు అక్షరాల్లో. పాల సొర అందులో ఉంది, టేంకి అందులో ఉంది. ఈనాటికీ ఒక సొరచేప శాస్త్రీయ నామం కార్కరైనస్ సొర్రా. ఆ పదం పొద్దున్నే ఫిషింగ్ హార్బరులో తట్టలు దించేటప్పుడు వినబడే మాటే. పేరు నిలిచింది, ఆ పేరు చెప్పిన మనిషి ఎవరో నిలవలేదు. మేడమ్, మీ చీటీ మీద ‘స్థానిక పేరు’ అని ఒక గడి, ‘పేరు చెప్పినవారు’ అని ఇంకొక గడి ఉంచండి. మా అమ్మ గవ్వల్లో ఎన్ని రకాలకు పేర్లు చెబుతుందో నేను మీకు రాసి పంపగలను.


గవ్వలపెట్టె

తెడ్డు గారూ, ఆ రెండు గడులూ తప్పకుండా ఉంటాయి. మీ అమ్మగారి పేర్ల కోసం ఎదురుచూస్తాను. పుర్రెల సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు.

మరో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మా విద్యార్థుల్లో ఎక్కువమంది అమ్మాయిలు. ఈ ఉత్తరాల లోకంలో ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెండోది, జవాబు ఆలస్యమైతే ఏం జరిగేది? ఇది అడగడానికి నాకొక కారణం ఉంది. మొదటి నెలలో వచ్చిన నాలుగు పొట్లాలకూ పరీక్షల హడావుడిలో నేను జవాబు రాయలేదు.


పాతఉత్తరాలు

ఆడవాళ్లు ఉన్నారండీ. న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో మేరీ ట్రీట్ కీటకాలను తినే మొక్కల్ని ఇంట్లో పెంచుతూ, నీటిలో పెరిగే యుట్రిక్యులేరియా తిత్తులు పురుగుల్ని ఎలా పడతాయో గంటల తరబడి సూక్ష్మదర్శిని కింద చూసి గ్రేకు, డార్విన్‌కు రాసింది. 1875లో డార్విన్ ఆ మొక్కల మీద వేసిన పుస్తకంలో ఆమె పరిశీలనల్ని ఆమె పేరుతోనే పేర్కొన్నాడు. కొలరాడోలో మార్తా మాక్స్‌వెల్ తానే వేటాడి, చర్మాలు తీసి, జంతువుల్ని నిజంగా నిలబడి ఉన్నట్టు అమర్చేది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాటిని చూడడానికి జనం విరగబడ్డారు. ఆమె పంపిన ఒక గుడ్లగూబ రకానికి స్మిత్‌సోనియన్‌లో పక్షుల విభాగం చూసే రాబర్ట్ రిడ్జ్‌వే 1877లో ఆమె పేరు పెట్టాడు.

ఆలస్యం గురించి. 1877లో కొలరాడోలోని మారిసన్ దగ్గర ఆర్థర్ లేక్స్ అనే ఉపాధ్యాయుడికి రాతిలో ఇరుక్కున్న చాలా పెద్ద ఎముకలు దొరికాయి. ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న శిలాజ శాస్త్రజ్ఞుడు ఒత్నియల్ మార్ష్‌కు రాశాడు, జవాబు వెంటనే రాలేదు. ఎముకలు కూడా పంపాడు, అయినా మార్ష్ తొందరపడలేదు. అప్పుడు లేక్స్ మరికొన్ని ఎముకల్ని మార్ష్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన ఫిలడెల్ఫియాలోని ఎడ్వర్డ్ కోప్‌కు పంపాడు. ఆ సంగతి తెలియగానే మార్ష్ వంద డాలర్లు పంపి, విషయం గుట్టుగా ఉంచమని కోరాడు. కోప్ అప్పటికే ఆ ఎముకల మీద రాయడం మొదలుపెట్టాడు, తీరా వాటిని మార్ష్‌కు పంపేయమని లేక్స్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఇద్దరి మధ్య వైరం అంతకుముందే ఉంది గాని, ఆ తరువాత మరీ ముదిరింది. వంద డాలర్లు ఖర్చైన చోట, మొదటి వారంలో అయితే ఒక ఉత్తరం సరిపోయేది.

మీరు కాదనకపోతే మన ఊరి నుంచి కూడా ఒక మాట. డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాలలో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూసి, లెక్కలు కట్టి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. అవి అక్కడి పత్రికలో అచ్చయ్యాయి. అంటే బెయిర్డ్ ఉత్తరాలు రాస్తున్న రోజుల్లోనే, విశాఖ నుంచి కూడా కొలిచి, రాసి, సముద్రం మీదుగా పంపిన మనిషి ఉన్నాడు. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి.


ఎండినఆకు

అమ్మా, ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టికలో కొన్ని శంఖ, గవ్వ జాతులు ఉన్నాయి. ఒడ్డున ఖాళీగా దొరికినా వాటిని తియ్యకూడదు, ఫోటో తీసి చోటు రాసుకుంటే చాలు. పిల్లలకు ఆ జాతుల బొమ్మలు ముందే ఇవ్వండి. దేశం బయటికి పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఇక చీటీ సంగతి మీకే తెలుసు. మెత్తటి పెన్సిల్, మందపాటి కాగితం, చీటీ గవ్వతోపాటే పెట్టె లోపల ఉండాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.


గవ్వలపెట్టె

మీ ముగ్గురికీ నమస్కారాలు. ఈ వారాంతంలో చీటీలు అచ్చు వేయించాను. నంబరు, చోటు, తేదీ, ఆటా పోటా, స్థానిక పేరు, పేరు చెప్పినవారు, ఏరినవారు అన్న గడులు ఉన్నాయి. ఒకే చోట దొరికిన ఒకే రకం గవ్వలకు ఒకే నంబరు వేసి ఒకటి బడిలో ఉంచుకోమని, పేరు తేలాక మేము నంబరుతో ఉత్తరం రాస్తామని పాఠశాలలకు చెప్పాను. వచ్చిన ప్రతి పొట్లానికి వారం లోపల కార్డు వెళ్లేలా మా రెండో సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు బాధ్యత తీసుకున్నారు.

పాత పొట్లాలు నాలుగూ నిన్న మళ్లీ విప్పాను. పూడిమడక వైపు ఒక బడి నుంచి వచ్చినదానిలో, అగ్గిపెట్టెలో దూది పరిచి పెట్టిన చారల నత్తగుల్ల ఒకటి ఉంది. నోట్‌బుక్కు కాగితం ముక్క మీద పెన్సిల్‌తో ‘మా నాన్న వలలో వచ్చింది, దీని పేరేమిటి టీచర్’ అని రాసి ఉంది, కింద ఏడో తరగతి అని ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉండాలి. గుల్ల పేరు తేల్చి, ఆలస్యానికి క్షమించమని అడిగి, వల వేసిన చోటు ఏదో నాన్నను అడిగి రాయమని, ఈ ఉదయం సాగర్‌నగర్ తపాలా పెట్టెలో మొదటి కార్డు వేసి వచ్చాను.